మిషన్ బడికి హెచ్.ఎం.గా వెళ్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు. మిషన్ హైస్కూల్లో హెచ్.ఎం.గా చేరబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ప్రేయర్ ఒక్కటి తీసేస్తే క్రైస్తవ బడికీ పక్క వీధి కాన్వెంటుకీ తేడా ఏమిటని నువ్వు అడిగావట. అడగాల్సిన ప్రశ్నే. గేటు మీద వాక్యం రాయించడానికి పెయింటర్ చాలు. ఆ వాక్యాన్ని బడి నమ్ముతోందో లేదో తేలేది ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాం, మార్కుల రిజిస్టర్లో ఏం రాశాం, ఫీజు కట్టనివాణ్ణి ఏం చేశాం అన్న దగ్గర.

నమ్మకం మారితే బడి ఎలా మారుతుందో మన తెలుగు నేల మీదే చూడొచ్చు. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. మరుసటి ఏడు ఆంగ్లికన్ మిషనరీ నోబుల్ బందరులో ఇంగ్లీషు బడి తెరిచాడు. పై కులాల కుర్రాళ్లకు ఉన్నత చదువు చెబితే అది మెల్లగా కిందికి దిగుతుందన్నది నోబుల్ లెక్క. స్కాట్లండ్ మిషనరీ డఫ్ 1830లో కలకత్తాలో మొదలుపెట్టిన దారి అది. ఒంగోలు వైపు అమెరికన్ మిషనరీ క్లౌ నడిపిన బాప్టిస్టు మిషన్ మాదిగపల్లెల్లో పెరిగింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రతి విశ్వాసీ తన బైబిలు తానే చదువుకోవాలన్నది ప్రొటెస్టెంటుల పట్టు. కాబట్టి పల్లెలో వాక్యం చెప్పే ఉపదేశి కావాలి, ఆయన ఆడపిల్లలకూ పెద్దవాళ్లకూ తెలుగు అక్షరాలు నేర్పాలి. సువార్త ఒక్కటే. బడి ఎవరి కోసం అన్న దానికి జవాబు వేరు కావడంతో బోధనా భాష, క్లాసులో కూర్చునే పిల్లలు, పంతులు పని, అన్నీ వేరయ్యాయి.

ఇక నీ పని. బడి తెరిచేలోగా ఒక తెల్లకాగితం తీసుకుని మీ బడి నమ్మేవి నాలుగే నాలుగు మాటల్లో రాయి. నా మటుకు అవి ఇవి: ప్రతి బిడ్డా దేవుని స్వరూపం. మనిషి స్వభావం పతనమైంది. కృప ఉంది. సృష్టి అంతా దేవునిదే కాబట్టి ఏ సత్యానికీ భయపడక్కర్లేదు. ఒక్కో మాట కింద రెండు గీతలు గియ్యి. ఒకదాని మీద ‘కాబట్టి ఇది చేస్తాం’, రెండోదాని మీద ‘కాబట్టి ఇది చెయ్యం’. రెండో గీత ఖాళీగా మిగిలిందంటే ఆ మాట గోడకే తప్ప బడికి పనికిరాదు. మేనేజ్‌మెంట్లు రాయించే మిషన్ స్టేట్‌మెంట్లలో చాలావాటికి ఆ రెండో గీతే ఉండదు.

మొదటి మాట ముందు దెబ్బతినేది సెక్షన్ల దగ్గర. జూలైలో ఒక టెస్టు పెట్టి మార్కులెక్కువ వచ్చినవాళ్లను ‘ఎ’లో, మిగిలినవాళ్లను ‘సి’లో వేసి, ‘సి’కి కొత్తగా చేరిన టీచర్ని ఇస్తారు. అలా చేశాక అసెంబ్లీలో దేవుని స్వరూపం గురించి ఎంత మాట్లాడినా ‘సి’ సెక్షన్ పిల్లలు నమ్మరు. వెనకబడ్డవాళ్లకు నీ దగ్గరున్న మంచి లెక్కల టీచర్నే ఇవ్వు. బెంచీలు ప్రతి సోమవారం ఒక వరస ముందుకు జరగాలి.

క్లాసు చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా నోట్సు తిరగెయ్యకు. సీటింగ్ చార్టు తీసుకుని వెనక బెంచీలో పదిహేను నిమిషాలు కూర్చో. టీచరు ఎవర్ని ప్రశ్న అడిగినా ఆ పేరు మీద టిక్కు పెట్టు. సాధారణంగా ముందు వరసా, మధ్య దారికి అటూ ఇటూ ఉన్నవాళ్లూ టిక్కులతో నిండిపోతారు. కిటికీ పక్కన వెనక మూల తెల్లగా ఉంటుంది. ఆ చార్టు టీచరు చేతికిచ్చి ఊరుకో. వ్యాఖ్యానం అక్కర్లేదు, చూసుకుంటే వాళ్లకే తెలుస్తుంది. రెండు వారాలాగి మళ్లీ వెళ్లు.

రెండో మాటను మన బడుల్లో చాలాకాలంగా తలకిందులుగా వాడుతున్నారు. పతన స్వభావం అనగానే పిల్లాడు చెడ్డవాడు, బెత్తం కావాలి అంటారు, బెత్తం వాడనివాడు తన కొడుక్కి విరోధి అనే బైబిలు వాక్యం, సామెతలు 13:24 చూపిస్తారు. పతనం పిల్లలకే వచ్చి టీచర్లకు రాకుండా పోయిందా? ఆ సిద్ధాంతాన్ని నిజంగా నమ్మే బడి ముందు పెద్దవాళ్ల మీద కాపలా పెడుతుంది. తలుపు మూసిన గదిలో ఒక పెద్ద, ఒక బిడ్డ ఒంటరిగా ఉండకూడదు. పాస్టరైనా ఫాదరైనా సిస్టరైనా ఇదే రూలు. హాస్టల్‌కి రాత్రిపూట ఇద్దరు వార్డెన్లు ఉండాలి. ఒక క్లాసు పేపర్లలో పదింటిని ఇంకో టీచరు మళ్లీ దిద్దాలి. రెండు మార్కులకు మించి తేడా వస్తే మొత్తం కట్ట మళ్లీ దిద్దించు. క్యాష్ పుస్తకం మీద రెండు సంతకాలు. బిడ్డ మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ‘సంఘం పరువు’ అని లోపల్లోపల సర్దెయ్యడం నేరం. అలా సర్దెయ్యమని నీ మీద ఒత్తిడి వస్తుంది, మంచివాళ్ల నుంచే వస్తుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇప్పుడే రాసి పెట్టుకో.

బెత్తం సంగతి చట్టం ఎప్పుడో తేల్చేసింది. మైనారిటీ బడి కాబట్టి మినహాయింపు ఉంటుందనుకోకు. తన సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టి హింసించేవాడికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఎక్కడైనా వర్తిస్తుంది. బెత్తం తీసేసి బదులుగా ఏమీ పెట్టకపోతే మాత్రం క్లాసు చేతిలోంచి జారుతుంది. అప్పుడు సీనియర్లు ‘చూశారా’ అంటారు. పేద కుర్రాళ్లకు బడులు నడిపిన ఇటలీ ప్రీస్టు డాన్ బోస్కో 1877లో రాసిన పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది: తప్పు జరిగాక శిక్షించడం కన్నా, తప్పు జరిగే చోట పెద్దవాళ్లు ముందే స్నేహంగా మసలడం. ఆచరణలో అంటే ఇంటర్వెల్‌కి స్టాఫ్ అంతా టీకి వెళ్లిపోకూడదు. ముగ్గురు గ్రౌండ్‌లో ఉండాలి, ఒకరు బాత్రూముల వైపు, ఒకరు నీళ్ల ట్యాంకు దగ్గర, ఒకరు ఆటలో. దెబ్బలాటలు ఎక్కువగా మొదలయ్యేది ఆ ట్యాంకు దగ్గరి లైన్లోనే. గొడవ జరిగితే ఇద్దర్నీ విడివిడిగా విను. పాడుచేసినదాన్ని పాడుచేసినవాడితోనే బాగుచేయించు. ఆ రోజు సాయంత్రానికల్లా వాణ్ణి మళ్లీ క్లాసులో కలుపు. మూడు రోజులు గుమ్మంలో నిలబెడితే వాడు నేర్చుకునేది గుమ్మం దగ్గర కాలక్షేపం చెయ్యడం.

కృప అనగానే మార్కులు కలపడం అనుకునే టీచర్లుంటారు. రాని లెక్కకు మార్కులేస్తే బిడ్డకు అబద్ధం చెప్పినట్టే. కృప అంటే మళ్లీ అవకాశం. 25 మార్కుల యూనిట్ టెస్టులో తొమ్మిదికి తక్కువ వచ్చినవాళ్లను ఆ వారంలోనే మూడుసార్లు, అరగంట చొప్పున కూర్చోబెట్టి, వేరే ప్రశ్నలతో మళ్లీ పెట్టించు. రెండు మార్కులూ రిజిస్టర్లో పక్కపక్కన ఉండాలి. అవే ప్రశ్నలు మళ్లీ ఇస్తే జవాబులు బట్టీ కొట్టేస్తారు, నీకేమీ తెలియదు. అసెంబ్లీలో ర్యాంకులు చదవడం మానెయ్. తల్లిదండ్రులు అడుగుతారు. ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి విడిగా మాట్లాడు.

సత్యానికి భయపడక్కర్లేదన్న మాటకు పరీక్ష సైన్స్ క్లాసు. జీవపరిణామం పాఠం రాగానే ‘పరీక్షకు చదవండి, నమ్మకండి’ అనే టీచరు సైన్స్‌నీ విశ్వాసాన్నీ కలిపే పాడుచేస్తాడు. జన్యుశాస్త్రానికి దారి వేసిన బఠానీ ప్రయోగాలు చేసిన మెండెల్ అగస్టీనియన్ మఠ సన్యాసి. విశ్వం వ్యాకోచిస్తోందన్న లెక్కను 1927లో ప్రచురించిన లెమైత్ర్ బెల్జియం క్యాథలిక్ ప్రీస్టు. పరిణామం ఊహకు మించినదని 1996లో పోపు రెండవ జాన్ పాల్ ఒప్పుకున్నాడు. కొన్ని సంఘాలు ఒప్పుకోవని నాకూ తెలుసు. పాఠం ఉన్నది ఉన్నట్టు చెప్పించు. ఆదికాండం మీద ప్రశ్న వస్తే సైన్స్ పీరియడ్‌లో కాకుండా విడిగా, తీరిగ్గా మాట్లాడాలి.

దీనికి అవతలి తప్పు కూడా ఉంది, ప్రతి పాఠానికీ వాక్యం అతికించడం. ఐదు రొట్టెలు, ఐదువేల మంది, ఒక్కొక్కరికి ఎంత అని భాగహారం చేయిస్తే పిల్లలు నవ్వుతారు, లెక్కా రాదు, భక్తీ రాదు. ల్యాబ్‌లో రీడింగు తప్పొచ్చినా దిద్దకుండా వచ్చిన అంకే రాయమనడం, చరిత్రలో మిషనరీల తప్పుల్నీ చెప్పడం, ఇవి చాలు. బడులు నడిపే క్యాథలిక్ సన్యాసులు జెస్యూట్లు 1993లో బోధనకు ఐదు మెట్లు రాసుకున్నారు: సందర్భం, అనుభవం, మననం, చర్య, మూల్యాంకనం. మన క్లాసుల్లో ఎగిరిపోయేది మననమే. నలభై నిమిషాల పీరియడ్‌లో చివరి ఐదు నిమిషాలు దానికి వదలమను. ‘ఇవాళ నాకు అర్థం కానిది ఏమిటి’ అని పిల్లలు ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

మోరల్ సైన్స్ పీరియడ్ జనవరి వచ్చేసరికి పోర్షన్ కింద పోతుంది, ముందే కాపాడుకో. అందులో కథ చెప్పి నీతి రాయించే బదులు చిక్కుముడి ఇవ్వు: ‘టీచరు కూడికలో పొరబడి రెండు మార్కులు ఎక్కువేసింది. చెప్తావా? నీ ఫ్రెండ్‌కి వేస్తే?’ విశ్వాసానికి మార్కులు వెయ్యొద్దు. కాటికిజం, అంటే మత పాఠం, క్రైస్తవ పిల్లలకు విడిగా పెట్టు.

మీ బడిలో చాలామంది పిల్లలు, బహుశా సగం స్టాఫ్ కూడా, క్రైస్తవులు కారు. ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న ఏ బడైనా మత బోధనలో, ఆరాధనలో బిడ్డను చేర్చాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని రాజ్యాంగం 28(3) చెబుతోంది. అడ్మిషన్ ఫారంలో దానికి విడిగా ఒక పేరా, తెలుగులో, విడి సంతకంతో ఉండాలి. వద్దన్న పిల్లలు ఆ ఇరవై నిమిషాలు లైబ్రరీలో ఉండాలి, టీచరు తోడుగా. వరండాలో నిలబెడితే అది శిక్ష అవుతుంది. క్రైస్తవేతర టీచర్ని ప్రార్థన చేయమని అడగకు, నటన పిల్లలు ఇట్టే పసిగడతారు.

దీక్షకు వేసుకునే మాలల సంగతి జూన్‌లోనే రాసి పెట్టు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా పిల్లలు వస్తారు. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపుతాడు, మధ్యాహ్నానికల్లా ఊరు వస్తుంది. దీక్ష ముగిసేదాకా యూనిఫాం మినహాయింపు అని సర్క్యులర్ రాసి వాచ్‌మన్‌కీ పి.ఇ.టి.కీ చదివి వినిపించు. బొట్టు, గాజులు, హిజాబ్‌లకూ అదే తీరు. జాతీయగీతం పాడని ముగ్గురు పిల్లల్ని, యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖవాళ్లని, కేరళ బడి తీసేస్తే 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్పించింది. వాళ్లు మర్యాదగా నిలబడ్డారు కాబట్టి మనస్సాక్షికి విలువ ఇవ్వాలంది. మన పిల్లలకు దొరికిన ఆ గౌరవాన్ని ఎదుటివాళ్ల పిల్లలకు ఇవ్వకపోవడం న్యాయం కాదు.

ఇంకొక్కటి. చేరిన మొదటి వారంలోనే కరస్పాండెంట్‌గారి దగ్గర ఒక మాట తీసుకో. ఫీజు బాకీ ఉందని ఏ బిడ్డనూ క్లాసులోంచి లేపకూడదు, పేరు చదవకూడదు, హాల్‌టికెట్ ఆపకూడదు. నోటీసు మూసిన కవర్లో తల్లిదండ్రుల పేరు మీద వెళ్లాలి, మాట్లాడేది క్లర్కు కాదు, నువ్వు. ఆయన ‘చూద్దాం’ అంటే మినిట్స్ పుస్తకంలో రాయించే దాకా కుర్చీలోంచి లేవకు.

దీవెనలతో,
మీ పెదనాన్న