ఐర్లాండ్ వడ్రంగి శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ ఎలా అయ్యారు?

మీరు అడిగేది పి.హెచ్. మెకార్తీ గురించైతే, యూనియన్ బలంతోనే అయ్యారు. 1863లో లిమరిక్ కౌంటీలో పుట్టారు. వడ్రంగం నేర్చుకుని 1880లో అమెరికా వెళ్లి, 1886లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. 1898 నుంచి 1922 దాకా అక్కడి బిల్డింగ్ ట్రేడ్స్ కౌన్సిల్‌కు, అంటే భవన నిర్మాణ కార్మిక యూనియన్ల సమాఖ్యకు, ఆయనే అధ్యక్షుడు.

ఆయన పట్టు ఎలాంటిదో 1900 గొడవ చూస్తే తెలుస్తుంది. తలుపులు, కిటికీల చెక్కపని చేసే మిల్లు కార్మికులు రోజుకు ఎనిమిది గంటలే పని అన్నారు. యజమానులు ససేమిరా అన్నారు. కౌన్సిల్ సమ్మెతో ఊరుకోలేదు, ఏకంగా సొంత మిల్లు తెరిచింది! 1901 కల్లా యజమానులు దిగొచ్చారు. బదులుగా, ఎనిమిది గంటలు పాటించని మిల్లుల సరుకును యూనియన్ వాళ్లు ముట్టుకోకూడదని ఒప్పందం. బయటి ఊళ్ల చౌక సరుకు పోటీ అలా తప్పింది. బేరమంటే ఇదీ.

1909 ఎన్నికల్లో యూనియన్ లేబర్ పార్టీ తరఫున గెలిచి 1910 జనవరిలో మేయరయ్యారు. ఒక్క టర్మే. 1911లో జేమ్స్ రోల్ఫ్ చేతిలో ఓడిపోయారు.

ఇంకో సంగతి దాచకూడదు. ఆసియా వాళ్లను దేశంలోకి రానివ్వొద్దనే ఉద్యమానికి ఈ కౌన్సిలే వెన్నుదన్ను. జపాన్, కొరియా వాళ్లతో మొదలై, తర్వాత మన పంజాబీ కూలీల దాకా వచ్చింది. నాయకుడేమో స్వయానా వలస వచ్చినవాడు!