‘అమెరికా కాబోయే అధ్యక్షుడు’ అనవచ్చునా?

సందేహం: మా ఉన్నత పాఠశాలలో 2008 నాటి అమెరికా ఎన్నికల మీద వ్యాసరచన పోటీ పెట్టి, ‘విదేశీయుల దృష్టిలో అమెరికా కాబోయే అధ్యక్షుడు’ అని శీర్షిక ఇచ్చాము. తోటి ఉపాధ్యాయులలో ఒకరు ‘ఎన్నికైన అధ్యక్షుడు’ అనాలన్నారు, మరొకరు ‘నియుక్త అధ్యక్షుడు’ అనాలన్నారు. ఏది సరైనదో తెలుపగలరు. – ఒక ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

సమాధానం: మీరు ఎంచుకున్న ‘కాబోయే’ చక్కని మాట. దోషమంతా దాని ముందున్న ‘అమెరికా’ విభక్తి లేకుండా నిలబడడంలో ఉంది. ‘డాక్టరు కాబోయే అమ్మాయి’ అన్నప్పుడు ఆ అమ్మాయి ముందు ముందు డాక్టరు అవుతుందని అర్థం. అదే పద్ధతిలో చదివితే ‘అమెరికా కాబోయే అధ్యక్షుడు’ అంటే ముందు ముందు అమెరికాగా మారిపోయే అధ్యక్షుడని అర్థం వస్తుంది. మరి ‘మా కాబోయే అల్లుడు’ అంటే ఎవరికీ తప్పుగా తోచదు కదా అని మీరు అడగవచ్చు. ‘మేము’ అనే మాట షష్ఠిలో, అంటే సంబంధం చెప్పే విభక్తిలో, ‘మా’ అని రూపం మారుతుంది కాబట్టి అక్కడ సంబంధం స్పష్టంగా తెలుస్తుంది. ‘అమెరికా’కు ప్రథమలోనూ షష్ఠిలోనూ ఒకే రూపం ఉండడం వల్ల చదివేవాడు తడబడతాడు. ‘అమెరికాకు కాబోయే అధ్యక్షుడు’ అని ‘కు’ చేర్చినా, ‘అమెరికా అధ్యక్షుడు కాబోయే ఒబామా’ అని మాటల వరుస మార్చినా చిక్కు తీరిపోతుంది.

ఈ ‘కు’ను నేను ఇంతగా పట్టుకోవడానికి మీ వ్యాసాంశమే కారణం. ‘కాబోయే’ మన ఇళ్లలో ఎక్కువగా వినిపించేది పెళ్లి సంబంధాల దగ్గర, అక్కడ ‘ఎవరికి ఏమవుతాడు’ అన్నదే ముఖ్యం. తాంబూలాలు మార్చుకున్న నాటి సాయంత్రమే మా మామ ఒకాయన పెళ్లికొడుకును పట్టుకొని ‘మా అల్లుడు’ అంటే, వక్కాకు నములుతున్న మా జేజి వెంటనే, ‘తాళి పడేదాకా అల్లుడు అనగూడదు నాయనా, మాకు కాబోయే అల్లుడు అనాల’ అని సరిదిద్దింది. వ్యాకరణం చదవని ఆమె నోట ఆ ‘కు’ ఎంత సహజంగా పలికిందో నాకు ఇప్పటికీ గుర్తే. ఒబామా 2008 నవంబరు 4న గెలిచి, 2009 జనవరి 20న ప్రమాణం చేసేదాకా గడిచిన 77 రోజులు సరిగ్గా అలాంటి కాలమే. ఆయన అమెరికాకు కాబోయే అధ్యక్షుడు. ఓటు లేని ఇతర దేశాలవారికి ఏమీ కాడు. అయినా తండ్రి పుట్టిన దేశమని కెన్యా నవంబరు 6న సెలవు ప్రకటించుకొని ఆయనను తమ ఇంటివాడిగానే చూసింది. ‘అమెరికాకు’ అన్నప్పుడే ఆ దూరమూ, ఆ దూరాన్ని దాటి వచ్చిన అభిమానమూ రెండూ పాఠకుడికి అందుతాయి.

ఇక ‘కాబోయే’ నిర్మాణం. ‘అగు’ ధాతువుకు ‘కాన్’ అనే తుమున్నర్థక రూపం (‘కావడానికి’ అనే అర్థమిచ్చేది) మీద ‘పోవు’ చేరగా, ద్రుతం (చివరి నకారం) తరువాతి పకారం బకారమై ‘కాఁబోయే’, నేటి వ్రాతలో ‘కాబోయే’ అయింది. ఈ ‘పోవు’కు ఇక్కడ వెళ్లడమనే అర్థం లేదు, పని జరిగే అంచున ఉన్నదని మాత్రమే చెబుతుంది. అందుకే కాలం మారిస్తే అర్థం తలకిందులవుతుంది. ‘పడబోయాడు’ అంటే పడలేదనే కదా! మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు దాకా వెళ్లిన పోటీలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1977లో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. కాబట్టి 1969లో ఆయన ‘రాష్ట్రపతి కాబోయిన’ నాయకుడు, 1977 జులైలో ప్రమాణానికి ముందు ‘రాష్ట్రపతి కాబోయే’ నాయకుడు. ఒక్క అక్షరంలో ఓటమికీ గెలుపుకూ ఉన్నంత తేడా ఉంది. పిల్లలకు ఈ ఉదాహరణ తప్పక చెప్పండి.

‘ఎన్నికైన అధ్యక్షుడు’ తప్పు కాదు గాని, పదవిలో ఉన్న అధ్యక్షుడు కూడా ఎన్నికైనవాడే కనుక ఇక్కడ ఆ మాట చాలదు. ‘అధ్యక్షుడిగా ఎన్నికైన ఒబామా’ అంటే బాగుంటుంది. ‘నియుక్త’ అంటే నియమించబడిన అని అర్థం. జనం ఓట్లతో వచ్చినవాడికి అది బొత్తిగా పనికిరాదు.

మీరు అడగకపోయినా ‘విదేశీయులు’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. అది చెప్పేవాడి నేలను బట్టి మారే మాట. ప్రొద్దుటూరులో కూర్చొని ‘విదేశీయులు’ అని చదివిన పిల్లవాడికి మనం కానివారందరూ, అమెరికన్లతో సహా, గుర్తుకు వస్తారు. మీ ఉద్దేశంలోనేమో ఆ మాటలో అమెరికన్లు చేరరు, మనం చేరతాము. అలాగని ‘పరదేశులు’ అనకండి, మన వైపు ఆ మాటకు దిక్కులేనివారనే అర్థం స్థిరపడిపోయింది. ‘ఇతర దేశాలవారు’ అనడం మేలు.

కనుక శీర్షికను ‘అమెరికాకు కాబోయే అధ్యక్షుడు – ఇతర దేశాలవారి చూపు’ అని మార్చండి. వ్యాసాలు దిద్దేటప్పుడు తేదీలను కూడా గమనించండి. 2008 జులై 24న బెర్లిన్‌లో సుమారు రెండు లక్షల మంది ఒబామా ప్రసంగం వినడానికి వచ్చినప్పుడు ఆయన ఇంకా అధ్యక్షుడు కాగోరుతున్న నాయకుడే. అక్కడ ‘కాబోయే’ అని రాసిన పిల్లలకు ఎరుపు గీత గీయవచ్చు. 2009 అక్టోబరులో నోబెల్ శాంతి బహుమతి ప్రకటించిన సందర్భంలో రాస్తే అది మరింత పెద్ద తప్పు, అప్పటికి ఆయన పదవిలోకి వచ్చి తొమ్మిదో నెల నడుస్తోంది.