పక్కనున్న ప్లాంటు సీఎస్‌ఆర్ డబ్బులు మా ఊరికే ఇవ్వాలా?

ముత్తుకూరు పక్క ఊరి నుంచి అడిగారు కదా, ప్లాంటు వాళ్లు సీఎస్‌ఆర్ (కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) కింద మా ఊరికి ఖర్చు పెట్టాల్సిందేనా, వాళ్ల స్టాఫ్ వచ్చి చేసే పని కూడా ఆ లెక్కలోకి వస్తుందా అని.

2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్‌ఆర్‌కి ఖర్చు పెట్టాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది గానీ మీ ఊరికే ఇవ్వాలని లేదు. స్టాఫ్ శని, ఆదివారాలు వచ్చి మొక్కలు నాటినా, పిల్లలకి పాఠాలు చెప్పినా సంతోషమే, కాకపోతే ఆ గంటలకి రేటు కట్టి 2 శాతంలో చూపించుకోడానికి లేదు.

అడిగేటప్పుడు మెయింటెనెన్స్ కూడా అడగండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. మా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, ఒక ఊళ్లో ఒక కంపెనీ ఆర్వో ప్లాంటు పెట్టింది, రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు, ఏడాదిన్నరకి మెంబ్రేన్ (నీళ్లు వడకట్టే పొర) పోతే మార్చేవాళ్లు లేరు, ఇప్పుడు షట్టరుకి తాళం, ఆడవాళ్లు మళ్లీ టిన్నులు కొని మోసుకుంటున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అందుకే పంచాయతీ తీర్మానం చేసి, ఫిల్టర్లు ఎవరు మారుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్నది రాసి ఇవ్వండి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీఎస్‌ఆర్ ప్రాజెక్టుల వివరాలు పెట్టాలి, ముందు అవి చూసుకుని వెళ్లండి.