రాజీనామా రాసివ్వమంటున్నారు, రాయాలా?

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలో ఒక బహుళజాతి కంపెనీ ఫ్యాక్టరీలో 11 ఏళ్ల 7 నెలలుగా మెషిన్ ఆపరేటర్‌ని. పర్మినెంట్ కార్మికులమే 600 మందికి పైగా ఉన్నాం. ఆర్డర్లు తగ్గాయని 200 మందిని తీసేస్తున్నారు. ఒక్కొక్కరినే హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, ‘రాజీనామా చేస్తే రెండు నెలల జీతం ఇస్తాం, లేకుంటే టర్మినేషన్ లెటరే, ఇంకెక్కడా ఉద్యోగం రాదు’ అంటున్నారు. సోమవారం నా వంతు. ఏం చేయాలి?

జవాబు: సంతకం పెట్టకండి. ఆలోచించుకోవడానికి టైమ్ కావాలని చెప్పి బయటికి వచ్చేయండి. మీరు రాజీనామా రాసిస్తే చట్టం దృష్టిలో అది మీరే వెళ్లిపోయినట్టు. అప్పుడు రిట్రెంచ్‌మెంట్ (పని తగ్గిందని కంపెనీయే కార్మికుల్ని తీసేయడం) పరిహారం అడిగే హక్కే ఉండదు. కంపెనీ ఆ కాగితం కోసం అంత తొందరపడేది అందుకే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 300 మంది, ఆపైన కార్మికులున్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండిన ఎవరినీ ప్రభుత్వ అనుమతి లేకుండా ఇలా తీసేయకూడదు. తీసేస్తే అది చెల్లదు, మీరు ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క. అయితే దరఖాస్తు అందిన 60 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. అందుకే మీ యూనియన్ ఇప్పుడే కార్మిక శాఖకు వెళ్లి, కంపెనీ దరఖాస్తు పెట్టిందో లేదో కనుక్కోవాలి.

అనుమతి వచ్చినా మూడు నెలల నోటీసు, లేదా ఆ మూడు నెలల జీతం ఇవ్వాలి. పైగా సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. చివర్లో ఆరు నెలలు దాటిన భాగాన్నీ ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి మీది 12 ఏళ్లు, అంటే 180 రోజుల వేతనం. గ్రాట్యుటీ వేరు. రెండు నెలల జీతంతో సరిపెడతామనడం ఎంత అన్యాయమో మీరే చూడండి. సాధారణంగా మీ విభాగంలో చివర చేరినవారినే ముందు తీయాలి. జూనియర్లను ఉంచి మిమ్మల్ని తీస్తే కారణం రాతపూర్వకంగా చూపాలి.

టర్మినేషన్ అన్న మాటకు భయపడొద్దు. రిట్రెంచ్‌మెంట్ క్రమశిక్షణ చర్య కాదు, మీ తప్పేమీ లేదు.

ఇప్పటికే సంతకం పెట్టిన తోటివారుంటే, కంపెనీ ఆమోదించకముందే, ఈ రోజే, ఒత్తిడి చేసి రాయించుకున్నారని, వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపమనండి. పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, హెచ్‌ఆర్ వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి. తీసేస్తే ముందు కార్మిక శాఖ రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తీసేసిన నాటి నుంచి రెండేళ్లు దాటకూడదు.