పింగాణి కాదు, మీనా

సందేహం: లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక మధ్యయుగపు క్రైస్తవ ఆభరణం మీద మా చర్చి పత్రికకు చిన్న వ్యాసం రాస్తున్నాను. యేసుక్రీస్తు ముళ్ళ కిరీటంలోదిగా భావించే ఒక ముల్లును అందులో ఉంచారు. వ్యాసానికి ‘పింగాణి పొదిగిన పవిత్ర కంటక పతకం’ అని పేరు పెట్టాను. మా అన్నయ్య చదివి, ఎనామిల్‌ను పింగాణి అనకూడదు, మీనా అనాలి అన్నాడు. మీనమంటే చేప కదా? పతకం అంటే పోటీల్లో ఇచ్చేదేమో, లాకెట్ అనో డాలర్ అనో రాయాలా?

సమాధానం: ఈ విషయంలో మీ అన్నయ్యదే సరైన మాట. అయితే మీరు పింగాణి అని రాయడానికీ కారణం ఉంది. పంటి మీది గట్టి పొరను మన సైన్సు పాఠాల్లో పింగాణి అన్నారు. ఇనుప పళ్ళెం మీద తెల్లటి ఎనామిల్ పూత ఉంటే దాన్నీ మా ఇంట్లో పింగాణి పళ్ళెమనే పిలిచేవాళ్ళం. చూపుకు నున్నగా, తెల్లగా, మెరుస్తూ ఉంటే చాలు, మాట అతికిపోయింది. కానీ పింగాణి మట్టి సరుకు. తెల్లమట్టిని మలిచి కాల్చి చేసేది. పారసీకంలో గిన్నెకు ఉన్న ‘పింగాన్’ అనే పేరే మన దగ్గర పింగాణి అయింది.

మీరు రాస్తున్న ఆభరణంలో మట్టి లేదు. ఉన్నది గాజు. రంగుగాజును మెత్తగా పొడి చేసి, లోహం మీద పరిచి, కొలిమిలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిస్తే అది లోహాన్ని పట్టుకుని గట్టిపడుతుంది. కోబాల్టు కలిస్తే నీలం, రాగి కలిస్తే ఆకుపచ్చ. ఈ పనికి మన నగల దుకాణాల్లో ఎప్పటినుంచో ఉన్న మాట మీనా. కుందన్ హారం ఇంట్లో ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి, ఎర్రటి, పచ్చటి పూలు కనిపిస్తాయి. అదే మీనా పని. ఈ మీనా పారసీకం నుంచి వచ్చింది. మీనరాశిలోని మీనానికీ దీనికీ చుట్టరికం లేదు, వినడానికి ఒకేలా ఉన్నాయంతే.

‘పొదిగిన’ అనే మాట కూడా మార్చండి. విడిగా ఉన్న రాయిని తెచ్చి గూట్లో కూర్చోబెట్టి అంచులు నొక్కితే పొదగడం. మీనా అలా కాదు, అది అక్కడే కరిగి అక్కడే గడ్డకడుతుంది. అందుకే ‘మీనా వేసిన’ లేదా ‘మీనా పని చేసిన’ అంటాం. మీ ఆభరణంలో రెండు పనులూ ఉన్నాయి కాబట్టి ఈ తేడా మరీ ముఖ్యం. సుమారు 1340లో పారిస్‌లో చేసిన బంగారు నగ అది. పైన బంగారు చట్రంలో ఊదారంగు అమెథిస్టు రాళ్ళు పొదిగారు. లోపల క్రీస్తు బాల్యం, శ్రమల (సిలువ బాధల) ఘట్టాలను మీనాతో చిత్రించారు. ఆ మీనా కూడా మామూలుది కాదు. ముందు బంగారం మీద బొమ్మను లోతులు, మిట్టలుగా చెక్కి, ఆ పైన వెలుతురు దూరే గాజును కరిగించారు. గాజు లోతుగా నిలిచిన చోట రంగు చిక్కగా, మిట్ట మీద పలచగా కనిపిస్తుంది. బట్టల ముడతలకు నీడ వచ్చింది కుంచెతో కాదు, ఉలితో. మీ వ్యాసంలో ఈ సంగతి తప్పక రాయండి. ‘పింగాణి’ అని రాస్తే పాఠకుడికి తెల్లటి టీ కప్పు గుర్తుకొస్తుంది, ఈ వెలుగు గుర్తుకు రాదు.

ఇక మీరు అడగకపోయినా నేను చెప్పి తీరాల్సింది ‘కంటకం’ గురించి. నిఘంటువులో దానికి ముల్లు అనే అర్థం ఉంది, నిజమే. కానీ తెలుగులో మనం దాన్ని ఎక్కడ వాడతాం? లోకకంటకుడు, ప్రాణకంటకం. రావణుడికీ హిరణ్యకశిపుడికీ తగిలించే మాట అది. ‘పవిత్ర’ పక్కన పెట్టినా ఆ వాసన పోదు. బైబిలు తెలుగులో ‘ముండ్ల కిరీటము’ అని ఎంత హాయిగా ఉంది! ఆ కిరీటాన్ని కాన్‌స్టాంటినోపుల్ పాలకులు వెనిస్ వర్తకుడి దగ్గర తాకట్టు పెడితే, ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ విడిపించి 1239లో పారిస్‌కు తెచ్చాడు. దాని కోసమే సెయింట్ షపెల్ అనే ప్రార్థనాలయం కట్టించాడు, 1248లో ప్రతిష్ఠ జరిగింది. తర్వాత అందులోని ముళ్ళను ఫ్రెంచి రాజులు ఒక్కొక్కటిగా కానుకలిచ్చారు. అంత చరిత్ర మోసిన వస్తువుకు ‘ముల్లు’ అనే ఇంటి మాట చాలు.

పతకం మంచి మాట, వదలకండి. పోటీల అర్థం ఈ మధ్య బలపడింది కానీ మెడలో వేలాడే నగ అన్నదే పాత అర్థం. నిర్గమకాండంలో ప్రధాన యాజకుడు రొమ్మున ధరించే పన్నెండు రాళ్ళ నగను తెలుగు బైబిలు ‘న్యాయవిధాన పతకము’ అంది కాబట్టి మీ పత్రిక పాఠకులకు అది తెలిసిన మాటే. డాలర్ అంటే గొలుసుకు వేసే దేవుడి బొమ్మ బిళ్ళ స్ఫురిస్తుంది, ఇక్కడ వద్దు. లాకెట్ తప్పు కాదు. నిజానికి లాకెట్ అంటే తెరిచి మూసేది, మీ నగ పుస్తకంలా తెరుచుకుంటుంది కూడా. వ్యాసం మధ్యలో ఒకసారి ‘లాకెట్‌లా తెరుచుకునే పతకం’ అని రాస్తే బొమ్మ కట్టినట్టు ఉంటుంది.

ఆ ముల్లును ఏమని పిలవాలన్న ప్రశ్న కూడా మీకు వచ్చే ఉంటుంది. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన బుద్ధుడి అవశేషాలకు ‘ధాతువు’ అంటాం, వాటిని ఉంచినది ధాతుపేటిక. అందమైన మాటే. కానీ బౌద్ధం బయట ఆ మాట వినగానే ఇవాళ ఖనిజమో, క్రియాధాతువో తోస్తుంది. మీరు ‘పవిత్ర అవశేషం’ అని రాయండి. పేరు ‘ముళ్ళ కిరీటపు ముల్లు దాచిన మీనా పతకం’ అని మార్చి చూడండి. పొడవనిపిస్తే ‘ముల్లు దాచిన పతకం’ అన్నా సరిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. అదే మ్యూజియంలో, అలాంటి ముల్లునే ఉంచిన మరో బంగారు వస్తువు ఉంది. అది సుమారు 1400 నాటిది, ఫ్రాన్స్‌లోని బెర్రీ ప్రాంతపు ప్రభువు జాన్ కోసం చేసింది, బల్ల మీద నిలబెట్టే పెద్ద పేటిక. దాని ఫొటో మీ పతకం పక్కన అచ్చు కాకుండా చూసుకోండి.