ఇరవై ఏళ్లుగా బీరువాలో ఉన్న హెచ్‌ఎంటీ జనతా వాచీ మళ్లీ నడుస్తుందా?

మీ నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ ఇరవై ఏళ్లకు పైగా బీరువాలో ఉండిపోయిందనీ, చేత్తో ఊపితే సెకన్ల ముల్లు కాస్త దూరం నడిచి ఆగిపోతోందనీ, కీ తిప్పబోతే బిగుసుకుని ఉందనీ రాశారు. విశాఖపట్నంలో దీన్ని బాగు చేయించడం వీలవుతుందా, లేక వీడియోలు చూసి మీరే విప్పుకోవచ్చా అని అడిగారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది బాగుపడే వాచీయే. ఊపినప్పుడు సెకన్ల ముల్లు కదులుతోందంటే లోపల అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ చక్రపు ఇరుసు చాలావరకు విరగకుండానే ఉందని అర్థం. అయితే నడుస్తుందేమోనన్న ఆశతో దాన్ని ఊపడం, కీ ఇవ్వడం ఈ రోజు నుంచే మానేయండి. ఆగిపోయి ఉన్న వాచీలో అరుగుదల ఉండదు. ఎండిపోయిన నూనెతో బలవంతంగా నడిచే వాచీలోనే ఇరుసుల కొసలు అరిగిపోతాయి. నా జవాబులో ముఖ్యమైన మాట ఇదే, మిగిలినదంతా దీని వివరణే.

మా పెదనాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన చేతికి ఉండిన జనతా వాచీ, ఆయన పోయాక పెద్దమ్మ నాకిచ్చింది. అది కూడా మీ వాచీలాగే ఏళ్ల తరబడి వాడకం లేకుండా ఉండిపోయింది. వెనుక మూత తీయించి, రిపేరు చేసే పెద్దాయన ఇచ్చిన కంటి భూతద్దంలోంచి చూసినప్పుడు, ప్రతి కెంపు (ఇరుసు కొస తిరిగే రంధ్రమున్న చిన్న రాయి) చుట్టూ ముదురు గోధుమ రంగు వలయం ఒకటి కనిపించింది. అదంతా ఒకప్పటి నూనె. ఆయన సన్నని పుల్ల మొనతో దాన్ని తాకితే అది పనస జిగురులా సాగింది. చక్రాలలో ఏదీ విరగలేదు, పళ్లు ఒక్కటీ అరగలేదు. వాచీని ఆపింది ఆ జిగురే. మీ వాచీలోనూ చాలావరకు ఇదే పరిస్థితి ఉంటుందని నేను అనుకుంటున్నాను.

కీ బిగుసుకుని ఉందని చూడగానే, ఎవరో ఎక్కువ కీ ఇచ్చి పాడుచేశారని మన ఇళ్లలో అనేస్తారు. ఈ మాటను దయచేసి నమ్మకండి. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నాక కీ ఆగిపోవడం సహజమే, అది వాచీ పాడవడం కాదు. లోపలి చక్రాలు జిగురులో ఇరుక్కుని కదలనందువల్ల ఆ స్ప్రింగు తన శక్తిని వదలలేక అలాగే బిగిసి ఉండిపోతుంది. అంటే మీ వాచీలో ఈ క్షణాన కూడా స్ప్రింగు చుట్టుకునే ఉండి ఉండవచ్చు. తెలియనివారు నేరుగా స్క్రూలు విప్పకూడదని అనడానికి ఇదే మొదటి కారణం. కీని వేళ్లతో పట్టుకుని, క్లిక్ అనే చిన్న కొక్కేన్ని పక్కకు జరిపి, స్ప్రింగును మెల్లమెల్లగా వదులు చేశాకే మిగిలిన పని మొదలుపెట్టాలి. అలా చేయకుండా పై ప్లేటు విప్పితే, బిగిసి ఉన్న శక్తి ఒక్కసారిగా విడుదలై చక్రాల పళ్లను, ఇరుసులను విరిచేస్తుంది.

ఇక మీకు కలిసివచ్చే విషయం ఒకటుంది. 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సాంకేతిక సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. జనతాలో కనిపించే 0231 అనే మిషను, 17 కెంపులతో, గంటకు 18,000 సార్లు కొట్టుకునే సాదాసీదా కీ మిషను. అదే మిషను పైలట్ వంటి ఇతర మోడళ్లలోనూ వాడారు. హెచ్‌ఎంటీ వాచెస్ సంస్థను మూసివేయడానికి కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది కాబట్టి కంపెనీ నుంచి కొత్త విడిభాగాలు వస్తాయని ఎదురుచూడడంలో అర్థం లేదు. కానీ ఒకే మిషను పలు మోడళ్లలో ఉన్నందువల్ల, కేసు పాడైపోయి పనికిరాని అలాంటి హెచ్‌ఎంటీ వాచీ ఒకటి కొంటే అందులోంచి మీకు కావలసిన చక్రమో, స్టెమ్మో (కీకి అమర్చిన లోపలి సన్నని కడ్డీ), బ్యాలెన్సో దొరుకుతుంది. పాత వాచీ రిపేరు చేసేవారి డబ్బాల్లో ఇలాంటివి ఉండనే ఉంటాయి. అదే కాలంలోని అరుదైన స్విస్ వాచీ అయితే ఒక్క భాగం కోసం నెలల తరబడి వెతకాల్సి వచ్చేది.

మన ఊరి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, ఏడాది పొడుగునా ఉండే తేమ, చేతి చెమట ఈ మూడూ కలిసి వాచీని బయటి నుంచి లోపలికి తింటూ వస్తాయి. తేమ లోపలికి వెళ్లే ప్రధాన దారి కీ దగ్గరి రంధ్రమే. అందుకే విశాఖలో వాడిన పాత వాచీలలో మొదట తుప్పు పట్టేవి డయల్ వెనుక, స్టెమ్ చుట్టూ ఉండే చిన్న ఉక్కు భాగాలు, అంటే కీ ఇవ్వడానికీ ముళ్లు సరిచేయడానికీ పనికొచ్చే మీటలు, స్ప్రింగులు. మా పెదనాన్నగారి వాచీలో స్టెమ్ ఎర్రగా తుప్పుపట్టి గుల్లబారి ఉంది, దాన్ని మార్చక తప్పలేదు. మీ కీ బిగుసుకోవడానికి స్ప్రింగు మాత్రమే కాక ఈ తుప్పు కూడా కారణం కావచ్చు కాబట్టి, పట్టకారుతో బలంగా తిప్పే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వకండి. స్టెమ్ లోపల విరిగితే పని రెట్టింపవుతుంది.

మూత తీసినప్పుడు రెండు రంగులను వేరుచేసి చూడండి. ఇత్తడి భాగాల మీద ఆకుపచ్చగా కనిపించే చిలుము పైపైన పట్టినదైతే శుభ్రం చేస్తే పోతుంది. ఉక్కు మీద ఎర్రటి తుప్పు అలా కాదు, అది లోహాన్ని తినేసి గుంటలు చేస్తుంది. స్ప్రింగు పెట్టె మూత మీదో, స్క్రూ తలల మీదో కాస్త తుప్పు మచ్చ ఉంటే ప్రమాదం లేదు. బ్యాలెన్స్ ఇరుసు కొసలకు గానీ, బ్యాలెన్స్ చక్రాన్ని ఊగించే, వెంట్రుకలా ఉండే హెయిర్ స్ప్రింగుకు గానీ తుప్పు పడితే మాత్రం ఆ భాగం మార్చాల్సిందే. ఆ ఇరుసు కొస మందం మిల్లీమీటరులో దాదాపు పదో వంతే. దాని మీద తుప్పును రుద్ది పోగొట్టడం జరిగే పని కాదు.

ఎవరి దగ్గర చేయించాలన్న ప్రశ్నకు నేను ఒక దుకాణం పేరు చెప్పను. జగదాంబ జంక్షన్ నుంచి పూర్ణా మార్కెట్ వైపు, వన్‌టౌన్ వీధుల్లో చూస్తే, బ్యాటరీ మార్చడంతో సరిపెట్టకుండా కీ వాచీలు విప్పి బిగించగల పెద్దవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అక్కడ మీరు అడగాల్సింది ధర కాదు, పని పద్ధతి. “పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్ని వేరుగా కడుగుతారా?” అని నేరుగా అడగండి. మిషనును విప్పకుండా మొత్తంగా పెట్రోలులో ముంచి తీసి, పైనుంచి రెండు చుక్కల నూనె వేసి ఇచ్చే పద్ధతి ఒకటుంది. ఆ వాచీ ఇంటికి వచ్చేదాకా చక్కగా నడుస్తుంది. కానీ కెంపుల లోపలి జిగురు పూర్తిగా పోదు, కరిగిన మురికి కొత్త నూనెలో కలిసి కొన్ని నెలలకే మళ్లీ గట్టిపడుతుంది. మీ వాచీకి ఇలా చేస్తామన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

నేను కూర్చుని చూసిన పని ఇలా సాగింది. ముళ్లు, డయల్ తీసి ఒక మూత ఉన్న డబ్బాలో పెట్టారు. స్ప్రింగును వదులు చేశాక బ్యాలెన్స్, ఆ తర్వాత చక్రాలను ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే ప్యాలెట్ ఫోర్కు, చక్రాలు, చివరికి స్ప్రింగు పెట్టె బయటికి వచ్చాయి. కడిగే ద్రావకంలో భాగాలు నానాక, కెంపుల రంధ్రాలను ఒక్కొక్కటిగా చెక్కిన పుల్ల మొనతో తిప్పి శుభ్రం చేశారు; మొన నల్లబడడం ఆగేవరకు దాన్ని మళ్లీ మళ్లీ చెక్కుతూనే ఉన్నారు. ప్యాలెట్ ఫోర్కును మాత్రం స్పిరిట్‌లో వేయలేదు. దాని కెంపులను పట్టి ఉంచేది లక్క, స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. వీడియోలు చూసి పని మొదలుపెట్టేవారికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. నూనె వేసే తీరు చూడాలి గానీ చెప్పడం కష్టం. సూది లాంటి పరికరం కొసన కంటికి ఆనీ ఆనని చుక్క తీసుకుని, కెంపు గుంటలో సగం వరకు మాత్రమే నింపారు. గుంట పొంగితే నూనె పక్కకు పాకి, అసలు ఉండాల్సిన చోట లేకుండా పోతుంది. వేగంగా తిరిగే బ్యాలెన్స్ వైపు పలుచని నూనె, నెమ్మదిగా తిరిగే స్ప్రింగు పెట్టె వైపు చిక్కని నూనె, స్ప్రింగుకు గ్రీజు వాడారు. ప్యాలెట్ ఫోర్కు ఇరుసు కొసలను పొడిగానే వదిలేశారు. వాచీ నూనె బదులు కుట్టుమిషను నూనె వాడేవారు ఉన్నారు. అది త్వరగా పాకిపోతుంది, కాబట్టి మీరు ఏ నూనె వాడతారని అడగడంలో తప్పులేదు.

బిగించాక వాచీ నడుస్తోందంటే పని అయిపోయినట్టు కాదు. వీలుంటే వాచీ చప్పుడు విని దాని నడకను కొలిచే టైమ్‌గ్రాఫర్ అనే యంత్రం మీద పెట్టి చూపించమనండి. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా పెట్టినప్పుడు బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం 250 డిగ్రీలు దాటితే ఇంత పాత వాచీకి అది చాలా మంచి ఫలితం. 200 కంటే తక్కువ ఉంటే ఎక్కడో మురికి మిగిలిందనో, స్ప్రింగు సత్తువ పోయిందనో అనుకోవాలి. రోజుకు ముప్పై సెకన్ల లోపు తేడాను సంతోషంగా ఒప్పుకోండి: రోజుకు 4,32,000 సార్లు కొట్టుకునే యంత్రంలో అది చాలా చిన్న తేడా. ఒకవేళ వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తితే, హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టి దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయేమో చూడమనండి. అయస్కాంతం తీసే పరికరం రిపేరు బల్ల మీదే ఉంటుంది, క్షణాల్లో పోతుంది.

డయల్ విషయంలో మాత్రం మిమ్మల్ని గట్టిగా బతిమాలుకుంటున్నాను: దానికి కొత్త రంగు వేయించకండి. పసుపు తిరిగిన తెలుపు, అంచున తేమ మచ్చ, కాస్త మసకబారిన అక్షరాలు, ఇవన్నీ మీ నాన్నగారు రోజూ చూసుకున్న డయల్‌వి. నీటితోనో, గుడ్డతోనో తుడిచినా అచ్చు అక్షరాలు ఊడివస్తాయి కాబట్టి దుమ్మును గాలితో ఊదడం వరకే చేయించండి. డయల్‌కు రంగులు కొట్టి కొత్తవాటిలా అమ్మే హెచ్‌ఎంటీలు ఆన్‌లైన్‌లో కొల్లలుగా ఉన్నాయి. నిజమైన పాత డయల్ ఉన్న వాచీ మీ చేతిలో ఉండగా దాన్ని వాటిలో కలిపేయవద్దు. గ్లాసు సంగతి వేరు. అది యాక్రిలిక్, పైపై గీతలు పాలిష్‌తో పోతాయి, పగులు ఉంటే కొత్తది వేయించడమే మంచిది, ఎందుకంటే పగుల్లోంచి తేమ దిగుతుంది. ఈ జవాబు చదివేవారిలో ఎవరి దగ్గరైనా తాతగారి కాలపు, 1960కి ముందరి స్విస్ వాచీ ఉండి, ముళ్ల మీద గోధుమ రంగు తిరిగిన పూత ఉంటే దాన్ని గోకవద్దు. అది నిజమైన రేడియం కావచ్చు. దాని అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు. వెలుగు పోయినా రేడియోధార్మికత పోదు.

మీరే స్వయంగా చేసుకోవచ్చా అన్నదానికి నా జవాబు, చేసుకోవచ్చు, కానీ నాన్నగారి వాచీ మీద కాదు. నడవని హెచ్‌ఎంటీ వాచీ ఒకటి తక్కువ ధరకు కొని, దాన్ని విప్పడం, మళ్లీ బిగించడం నేర్చుకోండి. మంచి స్క్రూడ్రైవర్లు, ట్వీజర్లు, భూతద్దం ఉంటే ఓపికగల మనిషికి అది చక్కని విద్య. అందులో చేయి కుదిరి, బ్యాలెన్స్‌ను వంకర పోకుండా తీసి పెట్టగలిగినప్పుడు అసలు వాచీ గురించి ఆలోచించవచ్చు.

ఖర్చు గురించి ముందే మనసు సిద్ధం చేసుకోండి. పద్ధతిగా చేసే సర్వీసుకు, భాగాలకు కలిపి అయ్యే డబ్బు, బజారులో జనతా వాచీకి పలికే ధరను దాటవచ్చు. నా విషయంలో దాటింది, నాకు ఏ విచారమూ లేదు. మా పెద్దమ్మ ఆ వాచీని చెవి దగ్గర పెట్టుకుని వింది, అంతకంటే నాకు లెక్కలు అక్కర్లేదు.

బాగయ్యాక రోజూ ఒకే వేళకు, పొద్దున పూట, చేతి నుంచి తీసి కీ ఇవ్వండి. చేతికి ఉండగా ఇస్తే స్టెమ్ మీద పక్క ఒత్తిడి పడుతుంది. కీ ఆగినట్టు అనిపించగానే ఆపేయండి. కేసు ఇత్తడి మీద క్రోమ్ పూత వేసినది కాబట్టి సాయంత్రం ఇంటికి రాగానే పొడి గుడ్డతో చెమట తుడవండి, లేకపోతే బెల్టు తగిలించే చోట పూత లేచిపోతుంది. జనతాను నీళ్లు చొరబడని వాచీగా ఎప్పుడూ అనుకోవద్దు: వానాకాలంలోనూ, ఆర్కే బీచ్‌కు వెళ్లే రోజుల్లోనూ ఇంట్లోనే ఉంచండి. వాడని రోజుల్లో గాలి చొరని చిన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి, ఆ పొట్లాన్ని అప్పుడప్పుడూ మార్చండి. నాలుగైదేళ్లకు ఒకసారి, వాచీ బాగా నడుస్తున్నా సరే, మళ్లీ విప్పించి నూనె మార్పించండి.