చిన్నా, చైన్ సెట్ విప్పే ముందు ఇది చదువు

చిన్నా,

నువ్వు పంపిన స్ప్లెండర్ బండి ఫొటోలు పెద్దవి చేసి రెండుసార్లు చూశాను. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) పళ్ళు కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగాయి, ఒక పన్ను సగానికి విరిగింది. వెల్డింగ్ పెట్టించి ఆకురాయితో అరగదీస్తే నడుస్తుందా అని అడిగావు. వద్దు నాన్నా. ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది, పక్క పళ్ళ కొలతతో అది ఎప్పటికీ కలవదు, రోడ్డు మీద చైన్ ఎగిరి వెనక చక్రం పట్టేస్తే నువ్వేమవుతావో ఆలోచించు. స్ప్రాకెట్ అనేది బాగుచేసుకునే సామాను కాదు, మార్చేసే సామాను. ఇంట్లో బాగుచేసుకోవాల్సినవి దాని చుట్టూ ఉన్నవి.

వెనకది ఒక్కటే మార్చి ఊరుకోకు. చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకేసారి మార్చాలి, షాపులో చైన్ సెట్ అని అడిగితే మూడూ కలిపే ఇస్తారు. పాత సెట్ మీద పళ్ళు లెక్కపెట్టుకుని అంతే పళ్ళున్నవి తెచ్చుకో. నీ స్ప్లెండర్‌ది 428 నంబరు సైజు చైన్, పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు. పాతది కిరోసిన్‌లో కడిగి, బల్ల మీద బిగలాగి పరిచి, 21 పిన్నులు లెక్కపెట్టి మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్యకు టేపు పెట్టు. కొత్తదైతే 254 మిల్లీమీటర్లు రావాలి, 259 దాటిందంటే దాని పని అయిపోయినట్టే. నీది దాటే ఉంటుందని నా అనుమానం. అలా సాగిన చైన్ పళ్ళ సందుల్లో సరిగ్గా కూర్చోదు, పన్ను మీదకు ఎక్కి లాగుతుంది, పళ్ళు ఆ పక్కకే అరుగుతాయి. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడి కొత్తదీ తొందరగా పోతుంది. చైన్ వదులైందని ఒక లింకు తీసేసి బిగించే పద్ధతి మన ఊళ్ళో ఉంది, అది ఇంకా అన్యాయం.

అసలు ఇంత తొందరగా ఎందుకు పోయిందో కూడా చూసుకోవాలి కదా. మీ నాన్న ఆ బండి మీద రెండు యూరియా బస్తాలు, అంటే 90 కిలోలు, వేసుకుని బురద గట్ల మీద తిరుగుతాడు. చైన్‌కు నిండా కవరు ఉంది కాబట్టి లోపల ఏమవుతుందో ఎవరూ చూడరు. పైగా ఇంజన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ పోస్తారు. అందులో ఇనుప రజను ఉంటుంది, అది నూనె కాదు, సానపెట్టే పదార్థం! 90 నంబరు గేర్ ఆయిల్ వాడు, చైన్ లోపలి వైపు చుక్కలు చుక్కలుగా వేసి, కారేది గుడ్డతో తుడిచెయ్.

ఇక పని. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం చెవి తీసి జేబులో వేసుకో. ఇంజన్ నడుస్తుండగా చైన్ దగ్గర చెయ్యి పెట్టకు, గుడ్డ కూడా పెట్టకు. నా ఎడమ చేతి మధ్య వేలు చివర ఎందుకు లేదో నీకు చిన్నప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను: గేరులో తిరుగుతున్న చైన్‌ను గుడ్డతో తుడవబోయాను, గుడ్డతో పాటు వేలూ లోపలికి పోయింది. చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడుచుకో, నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే.

చైన్ ఇంకా ఉండగానే ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చెయ్యి. ఎవరినైనా వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమను, ఈ ఒక్క పనికి మాత్రం బండి న్యూట్రల్‌లో కాదు, గేరులో ఉండాలి. చైన్ తీసేశాక అయితే స్ప్రాకెట్ తిరిగిపోతూ నిన్ను ఏడిపిస్తుంది. గేరు లివర్ విప్పే ముందు అది ఏ కోణంలో ఉందో పెయింట్ చుక్క పెట్టుకో. ముందు స్ప్రాకెట్‌ను పట్టుకునేది ఒక ప్లేటు, రెండు చిన్న బోల్టులు, 10 నంబరు స్పానర్. ఆ బోల్టులు ఎక్కే మర పోయినా భయపడకు, ఆ మర ఉండేది స్ప్రాకెట్‌లోనే, కొత్త దానితో కొత్త మర వస్తుంది. కానీ స్ప్రాకెట్ తీశాక, అది కూర్చునే షాఫ్ట్ (ఇంజన్‌లోంచి వచ్చే కడ్డీ) మీది గాళ్ళు అరిగి ఉన్నా, షాఫ్ట్‌ను పట్టుకుని కదిపితే ఊగినా, అక్కడితో ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. అది ఇంజన్ విప్పే పని, ఇంట్లో అయ్యేది కాదు.

వెనక హబ్ (చక్రం మధ్య భాగం) విప్పినప్పుడు లోపల కుదుపు ఆపే డంపర్ రబ్బర్లు చేత్తో నొక్కి చూడు. పగిలినా, వదులుగా ఆడుతున్నా మార్చు. గేరు వేసినప్పుడల్లా టక్కుమని కొట్టేది వాటి వల్ల కూడా కావచ్చు, ఆ దెబ్బంతా పళ్ళకే తగులుతుంది. స్ప్రాకెట్ నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, లాక్ ప్లేట్ల చెవులు మళ్ళీ నట్టు మీదకు వంచు. ఒక బోల్టు మర పోయిందన్నావు, ఆ ఒక్కటి కాదు, నాలుగూ కొత్తవి వెయ్యి.

చైన్ రెండు చివర్లనూ కలిపే లింకు మీద పెట్టే లాక్ క్లిప్పు గురించి జాగ్రత్తగా చదువు. క్లిప్పు మూసుకున్న వైపు చైన్ వెళ్ళే దిక్కుకు ఉండాలి. పై వరుసలో చైన్ ఇంజన్ వైపు వెళుతుంది కాబట్టి అక్కడ మూసిన వైపు ఇంజన్‌కేసి చూడాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

బిగువు చూసేటప్పుడు చక్రం తిప్పుతూ చైన్ ఎక్కడ బాగా బిగుసుకుందో అక్కడ ఆపి, కింది వరుస మధ్యలో పైకీ కిందికీ ఆడించు. 25 మిల్లీమీటర్ల దాకా ఆడాలి. కొత్తది కదా అని బిగలాగేస్తే ముందు షాఫ్ట్ బేరింగు, ఆయిల్ సీలు పోతాయి. వెనక ఇరుసు రెండు వైపులా ఉన్న గీతల దగ్గర అది సమానంగా ఉందో లేదో చూడు. బ్రేకు ప్లేటును పట్టుకునే రాడ్డు బోల్టుకు స్ప్లిట్ పిన్ కొత్తది వెయ్యి, అది మరిచిపోయి బండి బయటికి తీయకు. చివరగా బ్రేకు పెడల్ ఆట సరిచేసి, వీధి చివరి దాకా మెల్లగా వెళ్ళిరా. వారం తిరిగాక చైన్ కాస్త సాగుతుంది, మళ్ళీ బిగువు చూడు.

క్లిప్పు పెట్టాక ఫొటో తీసి పంపు. నేను చూసి సరే అనేదాకా కవరు మూయకు.

మామయ్య